దౌత్య పాస్‌పోర్టు ఉంటే కుటుంబంతో చుట్టుపక్కల దేశాలన్నీ తిరిగేయొచ్చా?

మీరు అడిగింది ఇది: మీ శ్రీమతికి ఎంబసీలో పోస్టింగ్ వచ్చింది, ఇద్దరు పిల్లలూ ఒక కుక్కా ఉన్నారు, అందరికీ దౌత్య పాస్‌పోర్టులు వస్తాయి కాబట్టి సెలవుల్లో పక్క దేశాలకు సులువుగా వెళ్లి రావచ్చా అని. వెళ్లి రావచ్చు. కాకపోతే ఆ పాస్‌పోర్టు మీద పెట్టుకున్న ఆశ కొంచెం తగ్గించుకోండి.

రక్షణ ఇచ్చేది పాస్‌పోర్టు కాదు, ఆతిథ్య దేశం, అంటే పోస్టింగ్ పడిన దేశం, మిమ్మల్ని గుర్తించడం. దౌత్య సంబంధాలపై 1961 నాటి వియన్నా ఒప్పందం 37వ అధికరణం ప్రకారం దౌత్యాధికారితో ఒకే ఇంట్లో ఉండే కుటుంబానికి, వాళ్లు ఆ దేశ పౌరులు కాకపోతే, అధికారికి ఉన్న రక్షణలే ఉంటాయి. అది ఆ ఒక్క దేశంలోనే. మూడో దేశంలో 40వ అధికరణం కాపాడేది పోస్టింగుకు వెళ్తూనో, సొంత దేశానికి తిరిగి వస్తూనో దారిలో ఉన్నప్పుడు మాత్రమే. బీచ్ చూద్దామని వెళ్లినవాళ్లు అక్కడ మామూలు టూరిస్టులు. అద్దె కారుతో యాక్సిడెంట్ అయితే అందరికీ జరిగేదే మీకూ జరుగుతుంది. అందుకని ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి.

ఎక్కువమంది ఇరుక్కునేది మొదటి నెలల్లోనే. చేరడానికి ఇచ్చే వీసా చాలాచోట్ల సింగిల్ ఎంట్రీ. దిగాక ఎంబసీ మీ ఫొటోలు, పాస్‌పోర్టులు జతచేసి నోట్ వెర్బాల్‌తో (ఎంబసీ రాసే అధికారిక లేఖ) ఆ దేశపు విదేశాంగ శాఖలో దౌత్యవేత్తల వ్యవహారాలు చూసే ప్రోటోకాల్ విభాగానికి పంపితే గుర్తింపు కార్డులు వస్తాయి. దానికి వారాలు పడుతుంది, కొన్ని దేశాల్లో నెలలు. ఈ మధ్యలో దేశం దాటితే వీసా వాడేసినట్టే, కార్డు ఇంకా చేతికి రానట్టే, తిరిగి రావడానికి కాగితం ఉండదు. పైగా పాస్‌పోర్టులు కూడా ప్రోటోకాల్ దగ్గరే ఉండిపోవచ్చు. నలుగురి కార్డులూ చేతికొచ్చి, పేర్ల స్పెల్లింగు, గడువు తేదీ సరిచూసుకున్నాకే టికెట్లు కొనండి. ఒక్క పిల్లాడి కార్డు ఆగినా అందరి ప్రయాణమూ ఆగినట్టే.

ఇక ఏ పాస్‌పోర్టు మీద తిరగాలి? మీ దేశపు నియమం ముందు అడగండి. కొన్ని ప్రభుత్వాలు దౌత్య పాస్‌పోర్టును సొంత విహారాలకు వాడనివ్వవు. మరికొన్ని మామూలు పాస్‌పోర్టును తమ దగ్గర దాచుకుని గానీ దౌత్య పాస్‌పోర్టు ఇవ్వవు. రెండూ చేతిలో ఉన్నవాళ్లకు వచ్చే చిక్కు వేరు. కార్డు దౌత్య పాస్‌పోర్టు నంబరుకు ముడిపడి ఉంటుంది. మీరు మామూలు పాస్‌పోర్టు మీద టికెట్ తీసి బయల్దేరితే, తిరుగు ప్రయాణంలో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఏజెంటు టైమాటిక్ (ఏ దేశానికి ఏ కాగితాలు కావాలో ఎయిర్‌లైన్స్ చూసుకునే డేటాబేస్) తెరిచి చూస్తాడు: ఈ పాస్‌పోర్టులో ఆతిథ్య దేశపు వీసా ఏది? అక్కడ వాదించి లాభం లేదు, ఎక్కించుకుంటే జరిమానా పడేది ఎయిర్‌లైన్స్‌కే. కార్డు, దౌత్య పాస్‌పోర్టు రెండూ హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకోండి. ఒక దేశంలోకి ఏ పాస్‌పోర్టు మీద అడుగుపెట్టారో దాని మీదే బయటికి రండి.

వీసా మినహాయింపు ఒప్పందాలను పూర్తిగా చదవండి. రెండు దేశాల మధ్య దౌత్య పాస్‌పోర్టులకు మినహాయింపు ఉన్నా, అది అధికారిక పర్యటనలకే అని రాసి ఉండొచ్చు. షెంగెన్ దేశంలో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల్లో ఒకటి) పోస్టింగ్ అయితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. అక్కడి విదేశాంగ శాఖ ఇచ్చే కార్డు నివాస అనుమతిగా చెల్లుతుంది, దాంతో మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు ఉండొచ్చు. ఆతిథ్య దేశంలో ఉన్న రోజులు ఈ లెక్కలోకి రావు.

మీరొక్కరే పిల్లలతో బయల్దేరే రోజులు బోలెడు వస్తాయి, ఎందుకంటే అధికారికి సెలవు చివరి నిమిషంలో రద్దవడం మామూలే. మీ శ్రీమతి సంతకంతో నోటరీ చేయించిన అనుమతి పత్రం, పిల్లల జనన ధ్రువపత్రం నకలు దగ్గరుంచుకోండి. పిల్లలకు, మీకు ఇంటిపేరు వేరైతే ఈ నకలు మరీ అవసరం.

టీకాల కార్డులో తేదీలు ముఖ్యం. ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ టీకా వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. 2016 జులై నుంచి అది జీవితకాలానికి, పాత కార్డు మీద పదేళ్ల గడువు రాసి ఉన్నా సరే. పిల్లలకు తొమ్మిది నెలలకే వేసిన తట్టు టీకాను అమెరికా స్కూళ్లు లెక్కలోకి తీసుకోవు, మొదటి పుట్టినరోజు తర్వాతి డోసులే అడుగుతాయి.

కుక్క సంగతి అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాలి. వరస తప్పితే మళ్లీ మొదటికి రావాల్సిందే: ముందు కుక్క చర్మం కింద పెట్టే 15 అంకెల గుర్తింపు మైక్రోచిప్, ఆ తర్వాత రేబిస్ టీకా. చిప్ లేకుండా వేసిన టీకా లెక్క కాదు. రేబిస్ విషయంలో యూరోపియన్ యూనియన్ జాబితాలో లేని దేశం నుంచి అక్కడికి తీసుకెళ్లాలంటే, టీకా తర్వాత కనీసం 30 రోజులకు రక్తం తీయించాలి, యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్) అయినా ఉండాలి, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అంతా కలిపి నాలుగు నెలల పైమాటే. యూరోపియన్ యూనియన్‌లో ఉండగానే ఈ పరీక్ష చేయించి, అక్కడ కుక్కకు ఇచ్చే పాస్‌పోర్టులో రాయించుకుని బయటికి వెళ్తే, తిరిగొచ్చేటప్పుడు ఆ మూడు నెలల నిరీక్షణ ఉండదు. బూస్టరు గడువు ఒక్క రోజు దాటినా ఈ సౌకర్యం పోతుంది.

మీ ఉద్యోగం గురించి అడగలేదు గానీ, ఇల్లు కదలకుండా చేసే ఆన్‌లైన్ పనికైనా ఎంబసీని ముందే అడగండి. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంటేనే చాలాచోట్ల అనుమతిస్తారు. అక్కడ సంపాదించిన దానికి పన్ను మినహాయింపు ఉండదు.

పోస్టింగ్ చివరి నెలల్లో విహారం పెట్టుకునేటప్పుడు కార్డులు ఎప్పుడు వెనక్కివ్వాలో కనుక్కోండి. ఇచ్చేశాక బయటికెళ్తే, ప్యాకర్లు ఇంటికొచ్చే రోజుకు మీరు లోపలికి రాలేకపోవచ్చు.