మజిలీ: దూరమా, దిగే చోటా?

సందేహం: మా తాతగారు ‘గుంటూరు నుంచి కోటప్పకొండ రెండు మజిలీలు’ అనేవారు. మా అబ్బాయేమో మజిలీ అంటే గమ్యం అంటున్నాడు. ఏది సరైనది? ఈ మాట ఎక్కడిది?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ తాతగారు నికరమైన తెలుగు మాట్లాడారు. అరబ్బీలో ‘దిగడం’ అనే అర్థమున్న ధాతువు నుంచి ‘మంజిల్’ పుట్టింది. గుర్రమో ఒంటో ఎక్కి బయల్దేరినవాడు పొద్దువాలేసరికి దిగి, జంతువుకు మేత వేసి, నడుం వాల్చే చోటు అది. పారశీకం, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చేసరికి సున్న జారిపోయింది. మరాఠీ ‘మజల్’లోనూ అంతే. అరబ్బులు చంద్రుడి దారిని కూడా 28 మంజిళ్లుగా పంచారు, మనం 27 నక్షత్రాలుగా పంచుకున్నట్టు.

దిగే చోటి పేరే ఒక దిగుడుకూ మరో దిగుడుకూ నడుమనున్న నడకకూ అంటుకుంది. అందుకే మజిలీకి ఇన్ని మైళ్లని లెక్క లేదు. నాలుగు క్రోసులు యోజనమని అమరికగా చెప్పినట్టు దీన్ని చెప్పలేం. ఎద్దులు, ఎండ, వాగులు, నీళ్లున్న సత్రం, ఇవే దాన్ని నిర్ణయించేవి.

ఈ మాట రుచి తెలియాలంటే మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీ మజిలీ కథలు’ తెరవాలి. కాశీకి తోడు రమ్మంటాడు మణిసిద్ధుడు. దారిలో తాను అడిగినదానికల్లా కథ చెబితేనే వస్తానంటాడు పశువులు కాసే గోపాలుడు. పగలంతా నడక. మజిలీ చేరాక వంట, భోజనం, ఆపైన కథ. పుస్తకంలో ప్రకరణాల పేర్లూ మజిలీలే! ఊరూ, నడకా, కథా ఒక్క మాటలో ఇమిడిపోయాయి. ఇంతకన్నా మంచి నిఘంటువు ఏముంది? 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారి యాత్రాచరిత్ర కూడా చదవండి.

ఇక మీ అబ్బాయి సంగతి. ఉర్దూలో మంజిల్‌కు గమ్యమనే అర్థం ఉంది, మేడ అంతస్తు అనీ ఉంది. కాబట్టి బొత్తిగా తప్పనలేను. కానీ ‘నా జీవిత మజిలీ ఐఏఎస్’ అని రాసేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. గమ్యమనే చక్కటి మాట చేతిలో ఉండగా మజిలీని ఎందుకు పాడుచేయడం? మర్నాడు మళ్లీ లేచి నడిస్తేనే అది మజిలీ. ‘ఆఖరి మజిలీ’ అంటే ఒప్పుకుంటాను, అంతకుముందు కొన్ని ఉన్నాయని ఆ విశేషణమే చెబుతోంది గనక. విశేషణం లేకుండా గమ్యమనే అర్థంలో నేనైతే వాడను.