పాత సెట్టింగులు తుడిచే ముందు

తమ్ముడూ,

మన ఫర్మ్‌వేర్‌కు, అంటే పరికరం లోపలుండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కు, నువ్వు పంపిన ప్యాచ్ (కోడ్ మార్పు) మొత్తం చదివాను. అడ్డదిడ్డంగా పెరిగిపోయిన సెట్టింగుల కోడ్‌ను ముచ్చటగా సర్దావు. అయినా దాన్ని అసలు కోడ్‌లో ఇప్పుడే కలపొద్దంటాను.

పాత సెట్టింగులు చదివే భాగాన్ని చెత్త అనుకుని తీసేశావు. అప్‌డేట్ చేసినవాడి పరికరం మొత్తం మొదటికొస్తుంది. అది రౌటర్ అయితే మరీ ఘోరం, ఏం జరిగిందో వెతుక్కుందామన్నా నెట్ ఉండదు.

2021లో రౌటర్ల ఫర్మ్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 21.02 వచ్చినప్పుడు చూశాం కదా. రౌటర్ పోర్టులను నడపడానికి వాడే స్విచ్‌కాన్ఫిగ్ అనే సొంత పద్ధతి వదిలి, చాలా పరికరాలను లినక్స్ కెర్నెల్‌లోనే ఉన్న డీఎస్‌ఏ అనే పద్ధతికి మార్చారు. డిజైన్ పరంగా సరైన పనే. కానీ పాత వీల్యాన్ (ఒకే నెట్‌వర్క్‌ను విడి భాగాలుగా పంచే) సెట్టింగులు కొత్త పద్ధతికి పనికిరావు. అందుకని ఇమేజ్‌లోనే, అంటే అప్‌గ్రేడ్ ఫైల్లోనే, ఒక కంపాటిబిలిటీ వెర్షన్ (పొంతన చూసే నంబరు) పెట్టారు. అది సరిపోలకపోతే సెట్టింగులు ఉంచుకుని అప్‌గ్రేడ్ చేయనని పరికరమే మొరాయిస్తుంది. యూజర్లు విసుక్కున్నారు, నిజమే. కానీ ఫ్లాష్ చేశాక, అంటే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాక, తెలియడం కంటే ముందే తెలియడం నయం.

అలా ముందే చెప్పకపోతే ఎలా ఉంటుందో త్రీడీ ప్రింటర్ల ఫర్మ్‌వేర్ మార్లిన్‌లో చూడు. త్రీడీ ప్రింటర్ ఉన్నాయన సెట్టింగుల ఫైల్లో స్టెప్స్ విలువ (మిల్లీమీటరుకు మోటారు ఎన్ని అడుగులు వేయాలన్నది) మార్చి, కంపైల్ చేసి, ఫ్లాష్ చేస్తాడు. ప్రింటర్ మాత్రం పాత విలువతోనే నడుస్తుంది. ఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో, దాచిన విలువదే పైచేయి మరి. ఎం502 అనే కమాండ్‌తో ఫైల్లోని విలువలు తెచ్చుకుని, ఎం500తో సేవ్ చేయాలి. అందులో డిజైన్ తప్పేం లేదు, ఆయన చేసుకున్న ట్యూనింగ్ పోకూడదనే అలా పెట్టారు. అది తెలియని మనిషి మాత్రం ఫ్లాష్ అయిందో లేదో అర్థంకాక తల పట్టుకుంటాడు.

ఇంకోటి, అబ్‌స్ట్రాక్షన్, అంటే లోపలి వివరాలను కప్పేసే అదనపు పొర, ఊరికే రాదు. కీబోర్డుల్లో వాడే ఏటీమెగా32యూ4 చిప్‌లో ప్రోగ్రామ్ దాచే ఫ్లాష్ మెమరీ 32 కేబీ. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించుకునే చిన్న ప్రోగ్రామ్ బూట్‌లోడర్‌కు 4 పోతే మిగిలేది 28. నువ్వు పేర్చిన పొర తినే ప్రతి బైటూ ఎవరో వాడుకుంటున్న ఫీచర్‌ను బయటికి నెట్టేదే.

అలాగని అడిగిన ఆప్షనల్లా పెట్టమనడం లేదు. ఆన్-ఆఫ్ ఆప్షన్లు పది ఉంటే 1,024 రకాల బిల్డులు. అన్నీ టెస్ట్ చేసేదెవరు? కొత్త ఆప్షన్ అడిగితే మొహమాటం లేకుండా కాదను. ఉన్న సెట్టింగు జోలికెళ్లేటప్పుడు మాత్రం వందసార్లు ఆలోచించు. ఫలానా చిప్ రివిజన్ కోసం పెట్టిన అతుకులుంటాయి చూశావూ, వాటిని తీసెయ్యకు. అన్నీ ఒక ఫైల్లోకి చేర్చి, ఏ చిప్ కోసమో, ఎందుకో పక్కన కామెంట్ రాయి. మిగతా కోడ్ నీకు నచ్చినంత శుభ్రంగా ఉంచుకో.

ముందు సెట్టింగులు దాచే పాత లేఅవుట్‌ను కొత్తదానికి మార్చే ఫంక్షన్ రాసి పంపు. నిజమైన యూజర్ల ఈప్రామ్ డంపులు (మొత్తం కాపీలు) అడిగి తీసుకుని వాటి మీద నడుపు. రాస్తుండగా మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో కూడా చూడు. నీ టెస్టుల్లో అదొక్కటీ కనిపించలేదు.

ఉంటాను,
అన్నయ్య