బొమ్మ కింద పేరు

చిరంజీవి మేనకోడలికి,

మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. అందుకే ఇది రాస్తున్నా. నువ్వు గీసిన లెహంగాను ఆ బొటిక్ వాళ్లు కుట్టించి, తమ డిజైన్ అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నారు. ఊరుకోమనను, గొడవకు పొమ్మనీ అనను. ముందు నా సంగతి విను.

కలంకారీ నేర్చుకున్న కొత్తలో ఒక వ్యాపారికి కల్పవృక్షం వేసిచ్చాను. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద కసిమి, అంటే మా నల్ల రంగు, చుక్క పడితే ఎంత ఉతికినా పోదు. నా కలం నుంచి ఓ చుక్క నెమలి మెడ పక్కన జారింది. చేసేదేం లేక దానికి రెక్కలు గీసి తుమ్మెదను చేశాను. ఏళ్ల తర్వాత ఒక ఎగ్జిబిషన్‌లో అదే బట్ట అద్దాల ఫ్రేములో కనిపించింది. కింద వేరేవాళ్ల పేరు. ఆ తుమ్మెద నాదని నాకు తెలుసు, ఇంకెవరికి తెలుసు? ఫొటో లేదు, రసీదు లేదు. చింతబొగ్గుతో వేసుకున్న చిత్తు ఏ బజ్జీల పొట్లానికి పోయిందో!

కాబట్టి చిత్తులు పారెయ్యకు. అన్నమయ్య పాటలను ఆయన కొడుకు పెద తిరుమలాచార్యుడు రాగిరేకుల మీద చెక్కించబట్టే అన్ని పాటలు మనకు దక్కాయి. వాటి మీద రాగం పేరుంది, వరస లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారిలాంటి వాళ్లు మళ్లీ బాణీలు కట్టాల్సి వచ్చింది. మన కాళహస్తి గాలిగోపురమే చూడు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించాడని చిన్నపిల్లాడైనా చెప్తాడు. 2010లో అది కూలినప్పుడు ఊరంతా ఏడ్చింది. లెక్కగట్టి నిలబెట్టిన శిల్పి ఎవరని మాత్రం మన వీధిలో అడిగినవాళ్లు లేరు. కలంకారీకి జీఐ, అంటే ఫలానా ఊరి పని అనే భౌగోళిక గుర్తింపు, ఉందని సంబరపడతాం గానీ, అది ఊరికీ పనికీ దక్కింది. అందులో నీ పేరు, నా పేరు ఉండవు.

ఇక చట్టం సంగతి. బొమ్మ గీసిన క్షణం నుంచే కాపీరైట్ ఉంటుంది, రిజిస్టర్ చేయించకపోయినా సరే. బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. జీతానికి కుదిరి ఉద్యోగంలో భాగంగా గీస్తే మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, అది యజమానిది. ఎక్కడైనా చేరేముందు ఈ ముక్క అడుగు. హక్కులు రాసిచ్చేసినా, ఇది గీసింది నేనే అని చెప్పుకునే హక్కు నీ దగ్గరే ఉంటుంది. దాన్ని గుర్తుపెట్టుకో.

బట్టల డిజైన్‌లో ఇంకో మెలిక ఉంది, చాలామందికి తెలీదు. డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించగలిగి కూడా చేయించని డిజైన్‌తో నువ్వు గానీ, నీ అనుమతితో వేరేవాళ్లు గానీ ఫ్యాక్టరీ పద్ధతిలో 50కి మించి పీసులు తయారుచేస్తే కాపీరైట్ పోతుంది. రిజిస్టర్ చేయించాలంటే ఎక్కడా బయటపెట్టకముందే చేయించాలి. పదేళ్లు, ఆపైన ఇంకో ఐదేళ్లు రక్షణ. ఇన్‌స్టాలో పెట్టి లైకులు లెక్కపెట్టుకున్నాక పరిగెత్తితే లాభం లేదు. పెద్ద ఆర్డర్ వస్తే లాయరును ఒకసారి కలువు, ఫీజుకు వెనకాడకు.

ఇప్పటికి బొటిక్‌కు ఒక ఈమెయిల్ చాలు. ఫలానా తేదీన పంపిన డ్రాయింగ్ ఇదీ, పోస్టులో నా పేరు పెట్టండి అని రాయి. కోపం మీద రాయకు, రాత్రి పూట అసలే వద్దు. మగ్గం వర్క్ చేసినామె పేరు కూడా పెట్టమను. ఆ అంచు మీద నెలంతా వంగి కూర్చుంది ఆమె కదా, నీకు గుర్తొచ్చిందా? నిజం చెప్పాలంటే నాకూ ఆ వయసులో గుర్తొచ్చేది కాదు. నా బట్టలు ఏట్లో ఉతికి తెచ్చినాయన పేరు నేనెక్కడా రాయలేదు.

ఆదివారం తిరుపతిలో పొద్దున్నే బస్సెక్కి కాళహస్తి వచ్చెయ్. అత్త ఉగ్గాని చేస్తానంటోంది. పాత డ్రాయింగులన్నీ పట్టుకురా. ఫోన్‌లో ఫొటోల తేదీలు చూసి ఒక్కోదాని వెనక రాసుకుందాం. పెన్సిల్ వద్దు, పెన్ను తెచ్చుకో.

మీ మామ