వియ్యంకుడి నవ్వు, జిర్కాటాంగ్ గేటు

ప్రశ్న: మా చిన్నమ్మాయిని అండమాన్‌లోని మాయాబందర్‌లో స్థిరపడిన మన జిల్లా వారింటికే ఇచ్చాము. సంక్రాంతి తరువాత విశాఖలో ఓడ ఎక్కి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగి, అక్కడి నుండి రోడ్డు మీద వెళ్లాలని అనుకుంటున్నాము. దూరం సుమారు 240 కిలోమీటర్లే కదా, మధ్యాహ్నం బయలుదేరితే రాత్రి భోజనానికి చేరుకోలేమా అని అడిగితే మా వియ్యంకుడుగారు నవ్వి ఊరుకున్నారు. కారణమేమిటి?
— ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: ఆ దూరం మనకు ఇచ్ఛాపురం నుండి విశాఖ వెళ్లినంతే గనుక మీ లెక్కలో తప్పు లేదు, అయితే ఆ దారిలో ఒక గేటు ఉన్నది. పోర్ట్‌బ్లెయిర్‌కు (2024 నుండి శ్రీ విజయపురం) సుమారు 40 కిలోమీటర్ల దూరాన జిర్కాటాంగ్ వద్ద అండమాన్ ట్రంక్ రోడ్డు జరావాలనే ఆదిమ తెగవారి రక్షిత అడవిలోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుండి మిడిల్ స్ట్రెయిట్ రేవు వరకు దాదాపు 49 కిలోమీటర్లు ఏ వాహనమూ ఒంటరిగా వెళ్లరాదు. రోజుకు కొన్ని నిర్ణీత వేళల్లో మాత్రమే, పోలీసుల వెంట, బారుగా వదులుతారు. ఆఖరి బారు తప్పితే మరునాటి ఉదయమే.

నేను వెళ్లిన రోజున చీకటితోనే బస్సులు, లారీలు అక్కడ వరుసకట్టి ఉన్నాయి. టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డవారిలో సగం మంది మాటలు మన పలాస, టెక్కలి యాసలోనే వినిపించాయి. గేటు ఎత్తగానే గ్లాసులు సగంలోనే వదిలి పరుగెత్తారు.

జరావాలు కొన్ని వందల మంది మాత్రమే. 1956 నాటి రక్షణ నిబంధన వారి ప్రాంతంలోకి బయటివారిని రానివ్వదు. 1970ల నుండి అడవిని చీల్చుకుంటూ రోడ్డు వేస్తున్నప్పుడు వారు బాణాలతో ఎదిరించారు. 1990ల చివరలో గానీ తమంతట తాము శాంతియుతంగా బయటకు రాలేదు. ఆ అడవిలోని రోడ్డు భాగాన్ని మూసివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినా, ఉత్తరాన ఉన్న ఊళ్లకు ఆసుపత్రికైనా సరుకుకైనా ఇదే ముఖ్యమైన దారి కావడంతో రాకపోకలు ఆగలేదు. ఉభయుల అవసరమూ నిజమే అయినా, ఇంటివారిని అడగకుండా వారి పెరట్లోంచి బాట వేశామన్న సంగతి నాకు మింగుడుపడదు.

రేవులో బస్సు బల్లకట్టు ఎక్కి బారాటాంగ్ దీవికి దాటుతుంది. ఆ తరువాతి హంఫ్రీ జలసంధి మీద ఇప్పుడు వంతెన ఉన్నది. కాబట్టి తెల్లవారకముందే బయలుదేరే బస్సు ఎక్కండి, గుర్తింపు కార్డులు చేతికందేలా ఉంచుకోండి. సాయంత్రానికి అమ్మాయి ఇంట్లో ఉంటారు. అడవిలో బండి ఆపరాదు, ఫొటోలు తీయరాదు, తినుబండారాలు ఇవ్వరాదు. అమ్మాయి కోసం పలాస జీడిపప్పు తీసుకువెళ్తారు కదా, రోడ్డు పక్కన పిల్లలు ఎంత ముద్దుగా కనిపించినా ఆ 49 కిలోమీటర్లూ సంచి మూతి విప్పవద్దు.