వ్యాయామం చేస్తూ కడుపు మాడ్చుకోకండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా వయసు 34. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. కూర్చుని చేసే ఉద్యోగం. వారానికి ఐదు రోజులు ముప్పావుగంట జుంబా, బరువులు చేస్తున్నాను. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక చపాతీ, కూర, రాత్రి పండ్ల ముక్కలు, మజ్జిగ. లెక్క చూస్తే 900 క్యాలరీలు దాటడం లేదు. మొదటి నెలలో 4 కిలోలు తగ్గాను. నెలన్నరగా ముల్లు కదలడం లేదు, జుట్టు విపరీతంగా ఊడుతోంది. "మీ ఒళ్లు స్టార్వేషన్ మోడ్‌లోకి వెళ్లింది, ఎక్కువ తింటేనే తగ్గుతారు" అంటున్నారు మా ట్రైనర్. నిజమేనా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు ఇంకా తినాల్సిన మాట నిజం. ట్రైనర్ చెప్పిన కారణం మాత్రం సరైంది కాదు. తిండి తగ్గిస్తే ఒళ్లు ఖర్చును కొంత తగ్గించుకుంటుంది కానీ, కొవ్వు కరగడం ఆగిపోదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకులకు 24 వారాలపాటు రోజుకి దాదాపు 1,570 క్యాలరీల తిండే పెట్టారు. వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. చివరిదాకా నిలిచిన 32 మంది సగటున సుమారు నాలుగో వంతు బరువు కోల్పోయారు. దానితోపాటు ఎప్పుడూ చలి, నీరసం, చిరాకు, నిద్రలేచింది మొదలు తిండి ధ్యాస. కాళ్లకి నీరు కూడా పట్టింది. వాళ్లకి పెట్టిన తిండికన్నా మీది ఇంకా తక్కువని గమనించండి.

మరి ముల్లు ఎందుకు కదలడం లేదు? మొదటి నెలలో పోయిన 4 కిలోల్లో మంచి భాగం నీరే. కండల్లో, కాలేయంలో నిల్వ ఉండే ప్రతి గ్రాము గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే చక్కెర నిల్వ) తనతో సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ఆ నిల్వతోపాటు నీరూ పోతుంది. తర్వాత కథ తిరగబడుతుంది. సరిగ్గా తినకుండా గట్టిగా వ్యాయామం చేస్తే నొప్పిపట్టిన కండల్లో నీరు చేరుతుంది, నెలసరి ముందు మరో కిలో తోడవుతుంది. లోపల కొవ్వు కరుగుతున్నా ముల్లు మీద కనబడదు. పైగా కడుపు మాడ్చుకున్నవాళ్లు మిగతా రోజంతా తెలియకుండానే కదలడం తగ్గిస్తారు. లిఫ్ట్ ఎక్కుతారు, సాయంత్రం సోఫాలో వాలిపోతారు.

ఇక లెక్కలోకి రాని తిండి ఉంటుంది. అన్నిటికన్నా ముందు నూనె చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకి 5 లీటర్లు అయిపోతుంటే మనిషికి రోజుకి 42 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 350 క్యాలరీలు. యాప్‌లో "కూర, ఒక కప్పు" అని నొక్కితే ఇది పట్టుబడదు. ఇడ్లీల పక్కన వేసుకున్న పల్లీ చట్నీ ఒక్కోసారి ఇడ్లీలంత శక్తినిస్తుంది. ఆరు రోజులు ఆకలికి ఓర్చుకుని ఆదివారం బిర్యానీ దగ్గర కట్టు తెంచుకోవడం మీ తప్పు కాదు, ఆ ఆకలి చేయించే పని అది.

మీకు ఎంత తిండి కావాలో చూద్దాం. ఒళ్లు ఖర్చు పెట్టే శక్తిని అంచనా వేసే మిఫ్లిన్ సూత్రం ప్రకారం ఆడవాళ్లకి: బరువు (కిలోల్లో) × 10, ఎత్తు (సెంటీమీటర్లలో) × 6.25 కలిపి, అందులోంచి వయసు × 5, మరో 161 తీసేయాలి. మగవాళ్లయితే 161 తీసే బదులు 5 కలపాలి. మీకు 720 + 1000 − 170 − 161 = 1389. పడుకుని ఉన్నా ఒళ్లు ఖర్చు పెట్టేది ఇది. కూర్చునే ఉద్యోగం, వారానికి ఐదు వ్యాయామాలు కలిపి దీన్ని 1.4తో హెచ్చిస్తే సుమారు 1945. ఇందులో 350 నుంచి 400 తగ్గిస్తే చాలు. మీ తిండి 1550-1600 మధ్య ఉండాలి. ప్రొటీన్ కిలోకి 1 నుంచి 1.2 గ్రాముల చొప్పున 72 నుంచి 86 గ్రాములు. ప్రొటీన్ చాలకపోతే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. ముల్లు చూసి మురిసిపోతాం కానీ బలం తగ్గి, తర్వాత బరువు తిరిగి రావడం సులువవుతుంది.

ఒక రోజు తిండి ఇలా ఉండొచ్చు. వ్యాయామానికి అరగంట ముందు ఒక చిన్న అరటిపండు. టిఫిన్‌కి 50 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, రెండు స్పూన్ల నూనె, అల్లం పచ్చడి. పదకొండింటికి మజ్జిగ. మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యంతో అన్నం, 30 గ్రాముల కందిపప్పు, పెద్ద కప్పు కూర, 100 గ్రాముల పెరుగు, మొత్తానికి రెండు స్పూన్ల నూనె. సాయంత్రం రెండు ఉడికించిన గుడ్లు. రాత్రి 60 గ్రాముల పిండితో జొన్నరొట్టె, 100 గ్రాముల చికెన్, ఆకుకూర, ఒక స్పూను నూనె. రోజంతా రెండు చిన్న కప్పుల టీ, ఒక్కో స్పూను పంచదారతో. ఇదంతా కలిపి దాదాపు 1590 క్యాలరీలు, 78 గ్రాముల ప్రొటీన్. స్పూనంటే 5 గ్రాములది, గరిటె కాదు. బియ్యం, పప్పు, పిండి, మాంసం అన్నీ వండకముందే తూచాలి. ఉడికిన అన్నం బరువు నీళ్లను బట్టి మారిపోతుంది కాబట్టి ఆ కొలత నమ్మలేం. వంటింటి తూకం మిషన్ ఒకటి కొనుక్కోండి, నెలరోజులు తూస్తే కన్ను అలవాటు పడుతుంది.

900 నుంచి ఒక్కసారిగా వెళ్లకండి, వారానికి 200 చొప్పున పెంచండి. మొదటి వారంలో ముల్లు ఒక కిలో పైకి వెళ్లొచ్చు. భయపడి మళ్లీ మానేస్తారు చాలామంది, అక్కడే చెడుతుంది. అది నీరు, పేగుల్లో ఉన్న తిండి. ఒక కిలో కొవ్వు చేరాలంటే ఖర్చుకు మించి సుమారు 7700 క్యాలరీలు తినాలి. రోజూ లేవగానే బరువు చూసి, వారం సగటును పోల్చుకోండి. బొడ్డు దగ్గర టేపు కొలత కూడా రాసుకోండి. వారానికి 300-400 గ్రాములు తగ్గితే సరైన దారిలో ఉన్నట్టే. నాలుగు వారాల సగటు కదలకపోతే 20 గ్రాముల బియ్యం, ఒక స్పూను నూనె తగ్గించండి. అంతకు మించి వద్దు.

తిండి బాగా తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు ఊడటం మామూలే. తిండి కుదురుకున్నాక కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. ఈలోగా హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ లోపం ఉన్నా బరువు, జుట్టు రెండూ ఇలాగే ఇబ్బంది పెడతాయి.

ప్రశ్న: నా బరువు 85 కిలోలు. గంటసేపు వేగంగా నడిస్తే వాచీ 550 క్యాలరీలు అని చూపిస్తోంది. అంత మళ్లీ తినొచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు. ఆ అంకె రెండు విధాలుగా మోసం చేస్తుంది. మీ బరువుకి గంట వేగపు నడకలో ఖర్చయ్యేది సుమారు 365. అందులో 85 దాకా మీరు కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవే. నడక వల్ల అదనంగా వచ్చింది 280. ఇంకో సంగతి, పై జవాబులోలా 1.4తో హెచ్చించి లెక్క వేసుకుంటే వ్యాయామం అందులో కలిసే ఉంది. మళ్లీ తింటే ఒకే ఖర్చుకి రెండుసార్లు తిన్నట్టు.

దూరం పరిగెత్తే రోజు వేరు. పరుగులో కిలో బరువుకి, కిలోమీటరుకి దాదాపు ఒక క్యాలరీ. మీరు 10 కిలోమీటర్లు పరిగెడితే 850. అందులో సగమైనా ఆ రోజే వెనక్కి పెట్టాలి. ముందు అరటిపండు, తర్వాత గంటలోపు పప్పన్నమో గుడ్లో తినండి. లేకపోతే మర్నాటి పరుగు ఈడ్చుకుంటూ సాగుతుంది.

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు, షుగర్ ఉంది. గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేసి, పొద్దున ఖాళీ కడుపుతో గంట నడుస్తున్నారు. రెండుసార్లు చెమటలు పట్టి వణికిపోయారు.
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: దీన్ని వాయిదా వేయకండమ్మా. గ్లిమిపిరైడ్ తిండి తిన్నా తినకపోయినా ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. తిండి తగ్గించి నడక పెంచితే షుగర్ 70 కంటే కిందికి పడిపోతుంది. ఈ వారంలోనే డాక్టర్‌ని కలిసి మోతాదు మార్పించండి. మీ అంతట మీరు మాత్ర ఆపేయొద్దు. అప్పటిదాకా రాత్రి భోజనం మానకూడదు. పొద్దున గ్లూకోమీటర్‌తో చూసుకోండి, 100 లోపు ఉంటే ఏదైనా తిన్నాకే బయల్దేరాలి.

జేబులో మూడు స్పూన్ల గ్లూకోజ్ పొడి ఉంచుకోమనండి. వణుకు మొదలైతే నడక ఆపి, అది నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత పరీక్షించి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే తాగాలి. చాక్లెట్, బిస్కెట్లు పనికిరావు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. స్పృహ తప్పుతుంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: శనివారాలు ఒంటిపొద్దు ఉంటాను. రాత్రి అన్నం బదులు ఉప్మా. ఆ రోజు జిమ్ మానాలా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మానక్కర్లేదు. మధ్యాహ్న భోజనం అయ్యాక రెండు మూడు గంటలకి వెళ్లండి, ఆ రోజు బరువులు కాస్త తగ్గించండి. మార్చాల్సింది ఉప్మానే. 60 గ్రాముల రవ్వ, మూడు స్పూన్ల నూనె కలిస్తే 340 క్యాలరీలు దాటుతుంది, ప్రొటీన్ మాత్రం ఆరేడు గ్రాములే. అదే 50 గ్రాముల పెసలతో పెసరట్టు, ఒక కప్పు పెరుగు అయితే ప్రొటీన్ రెట్టింపుకి పైగా ఉంటుంది.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. ఎత్తు 158, బరువు 48. కాలేజీ డ్యాన్స్ పోటీకి 42కి రావాలని రోజుకి రెండు గంటలు ప్రాక్టీస్ చేస్తూ ఒక పూటే తింటున్నాను. మూడు నెలలుగా పీరియడ్స్ రాలేదు. బరువు తగ్గితే అలా అవుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు.
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు తగ్గాల్సిన బరువు ఒక్క కిలో కూడా లేదు. మీ బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 19, సరిగ్గా ఉంది. 42కి వస్తే 17 లోపుకి పడిపోతుంది. వ్యాయామానికి పోగా మిగిలిన శక్తి చాలనప్పుడు మెదడు అండాశయాలకిచ్చే సంకేతాలను తగ్గించేస్తుంది, అందుకే నెలసరి ఆగుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముకలు పలచబడతాయి. ఎముక గట్టిపడాల్సిన వయసు మీది, ఇప్పుడు పోయినదాన్ని తర్వాత పూర్తిగా రాబట్టడం కష్టం. నాట్యం చేసేవాళ్లకి పాదాల ఎముకల్లో సన్నని పగుళ్లు వచ్చేది ఇలాగే.

గైనకాలజిస్టును ఈ వారమే కలవండి, వేరే కారణాలు లేవని వాళ్లు తేల్చాలి. ఇవాళ్టి నుంచే మూడు పూటలా తినండి. మీ ప్రాక్టీస్‌కి 2000 క్యాలరీలకి తగ్గకూడదు. ఇప్పుడున్న తిండికి ముందుగా రెండు గ్లాసుల పాలు, గుప్పెడు వేరుశెనగలు, ఒక బెల్లం ఉండ కలపండి, తర్వాత పొద్దుటి టిఫిన్, రాత్రి అన్నం తిరిగి మొదలుపెట్టండి. నెలసరి తిరిగి వచ్చేదాకా ప్రాక్టీస్ గంటకి తగ్గించండి. తినాలంటే భయంగా అనిపిస్తుంటే ఆ మాట ఇంట్లో అమ్మకి, డాక్టర్‌కి చెప్పండి. దానికి కూడా చికిత్స ఉంది.