డైనోసార్ల చదువు కూడు పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. నీట్ రాయనంటోంది. తెలంగాణలో దొరికిన ఏదో మాంసాహార డైనోసార్ గురించి చదివి, అదే చదువుతానని పట్టుబట్టింది. నాలుగు ఎముకలు చూసి పేరు పెట్టే పని కూడు పెడుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అమ్మాయి చదివింది మలేరిరాప్టర్ గురించి అయి ఉంటుందండీ. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని అన్నారం దగ్గర దొరికింది, సుమారు 22 కోట్ల ఏళ్ల నాటిది. మీరన్నట్టే దొరికినవి కొన్ని తుంటి ఎముకలు, కొన్ని వెన్నుపూసలే. కానీ తుంటి ఎముక చాలా చెబుతుంది. తొడ ఎముక ఎక్కడ అమరిందో, కండరాలు ఎక్కడ పట్టుకున్నాయో దాని మీద ఆనవాళ్లుంటాయి. అర్జెంటీనాలో దొరికిన హెర్రెరాసారస్ అనే మాంసాహార డైనోసార్ ఎముకలతో పోల్చి, ఇదీ ఆ మాంసాహారుల వంశానిదే అని తేల్చారు. 2011లోనే ఆ ఎముకల వివరాలు ప్రచురించినా, పేరు పెట్టింది 2025లో. ఈ చదువుకు ఎంత ఓపిక కావాలో అమ్మాయికి ముందే తెలియాలి.

ఇక కూడు సంగతి. కేవలం డైనోసార్ల మీద పనిచేసే ఉద్యోగాలు మన దేశంలో చాలా తక్కువ. అందుకే జియాలజీతో, అంటే రాళ్లు, భూమి పొరల చదువుతో మొదలుపెట్టించండి. డిగ్రీలో జియాలజీ ఉన్న కోర్సు, తర్వాత ఎమ్మెస్సీ. ఆంధ్రా యూనివర్సిటీలో ఆ విభాగం ఉంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి చేరాలంటే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. బైపీసీ వాళ్లకు కొన్నిచోట్ల లెక్కల షరతు అడ్డొస్తుంది, దరఖాస్తుకు ముందే కనుక్కోండి. ఎమ్మెస్సీ చేతికొస్తే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వేలో చేరొచ్చు. బొగ్గు, చమురు, భూగర్భ జలాల వైపూ దారులున్నాయి. అప్పటికీ మనసు శిలాజాల మీదే ఉంటే నెట్ అనే అర్హత పరీక్ష రాసి, ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఈ పనికి పేరున్న చోట్లు.

మన విశాఖ కొండల్లో డైనోసార్లు దొరకవు. ఈ ఖోండలైట్ రాళ్లు వాటికంటే ఎంతో పాతవి, పైగా భూమి లోపల వేడికి, ఒత్తిడికి మారిపోయినవి. అయినా భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలున్నాయి కదా, ఒక ఆదివారం తీసుకెళ్లండి. ఒక గట్టు ముందు కూర్చుని, ఇసుక రంగు ఎక్కడ మారుతోందో గీసుకోమనండి. అది రక్షిత ప్రాంతం, మట్టి మాత్రం తవ్వనివ్వకండి. ఎండలో రెండు గంటలు కూర్చున్నాక కూడా ప్రశ్నలు అడుగుతూనే ఉంటే, నీట్ కోసం బలవంతపెట్టకండి.