స్పోర్ట్స్ కారు కొనేముందు నడిపి చూడటం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో వైద్యుణ్ణి. చాలా ఏళ్ళుగా మనసులో ఉన్న పోర్షె 911ను ఈ ఏడాది కొనాలనుకుంటున్నాను. అంత డబ్బు పెట్టేటప్పుడు లంబోర్గిని కూడా చూడమని మా అన్నయ్య అంటున్నారు. ఒక షోరూమ్‌కు వెళ్ళి టెస్ట్ డ్రైవ్ అడిగితే, లైసెన్సు, పాన్ కార్డు నకళ్ళు తీసుకుని, ఇప్పుడు ఏ కారు వాడుతున్నానో రాసుకుని, తరువాత కబురు చేస్తామన్నారు. కొనడానికి వచ్చినవాణ్ణి ఇలా అనుమానించవచ్చా? అవకాశం దొరికితే, ఆ కొద్దిసేపట్లో ఏం చూడాలి?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీకు కలిగిన చిన్నతనం నాకు అర్థమవుతోంది, కానీ ఆ వివరాలు అడగడంలో అవమానమేమీ లేదు. పూర్తిగా విదేశంలో తయారై మన దేశానికి వచ్చే కారు విలువ, బీమా, రవాణా ఖర్చులతో కలిపి 40,000 డాలర్లు దాటితే, దాని మీద పడే దిగుమతి సుంకం 2025 బడ్జెట్‌లో పేర్లు మారినా మొత్తం మీద 110 శాతంగానే మిగిలింది. ఆపైన 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ, ఆ తరువాత రాష్ట్రం వసూలు చేసే జీవితకాల పన్ను ఉన్నాయి. కొనేవారి కోసం ఒక కారును డెమోగా ఉంచాలంటే డీలరు ఈ భారమంతా ముందుగా తానే మోయాలి. అది తిరిగే ప్రతి కిలోమీటరుకూ దాని అమ్మకపు ధర తగ్గుతూనే ఉంటుంది. అందువల్ల ఈ తరగతి కార్లలో చాలా మోడళ్ళకు డెమో కారే ఉండదు. ఉన్నచోట కూడా, నిజంగా కొనే ఆలోచన ఉన్నవారికి, ముందే నిర్ణయించిన వేళకు, పక్కన షోరూమ్ మనిషిని కూర్చోబెట్టి ఇస్తారు. లంబోర్గిని వంటి సంస్థల డీలర్లు ముంబై, ఢిల్లీ, బెంగళూరు వంటి కొద్ది నగరాల్లోనే ఉండటం వల్ల, ఆ కారు నడపడానికి మీరే ప్రయాణం చేయవలసి రావచ్చు. ఆ ప్రయాణం చేయండి. బొమ్మలు చూసి, వీడియోలు చూసి బుకింగ్ సొమ్ము కట్టడం కన్నా అది ఎంతో చవక.

తాళం చేతికి రాకముందే మీరు కూడా రెండు విషయాలు అడగాలి. మొదటిది కారు నంబరు సంగతి. రిజిస్టర్ కాని కారును కొనదలచినవారికి చూపించడానికి, సమంజసమైన పరీక్షకు రోడ్డెక్కించేందుకు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు డీలరుకు ట్రేడ్ సర్టిఫికెట్ ద్వారా అనుమతి ఇస్తాయి. అటువంటి కారుకు ఎర్ర పలక మీద తెల్ల అక్షరాల నంబరు ఉంటుంది. ఆ పలకా లేక, రిజిస్ట్రేషనూ లేక ఉన్న కారును మీరు రోడ్డు మీదకు తీసుకెళ్ళకండి. రెండోది, మీ చేత సంతకం చేయించే హామీ పత్రం. దెబ్బ తగిలితే బీమా ఎంత భరిస్తుంది, మీరు ఎంత భరించాలి, చక్రపు రిమ్‌కో, అడుగు భాగానికో కలిగే నష్టం ఎవరి లెక్కలోకి వస్తుంది అన్నవి అందులో స్పష్టంగా రాసి ఉండాలి. ఈ కార్లలో ముందు బంపర్ కింది అంచు గీసుకోవడం సర్వసాధారణం, దాని మరమ్మతు మాత్రం సామాన్యమైన ఖర్చు కాదు. "అదేం లేదు సార్, మామూలు ఫార్మాలిటీ" అని చెప్పినా సరే, మీరు పూర్తిగా చదివాకే సంతకం చేయండి.

ఇక ఏం చూడాలన్న మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఈ కార్ల వేగాన్ని పరీక్షించడానికి మీరు వెళ్ళనవసరం లేదు. లంబోర్గిని హురకాన్ 2014లో వచ్చినప్పుడే 610 హార్స్‌పవర్‌తో 3.2 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగం అందుకునేది. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న 120 పరిమితిని చేరడానికి దానికి అయిదు సెకన్లు కూడా పట్టదు. ఆ అయిదు సెకన్లలో మీ గుండె కొట్టుకోవడం తప్ప కారు గురించి మీకు తెలిసేది చాలా తక్కువ. ఆ కారుతో మీ బతుకు ఎలా ఉంటుందో తేలేది 20, 30 కిలోమీటర్ల వేగంలో. అందుకే దొరికిన సమయంలో సగానికి పైగా నెమ్మదిగా నడపడానికే కేటాయించమని నేను గట్టిగా చెబుతాను.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టమని అడగండి. ముందే వేడిచేసి ఉంచిన కారు తన లోపాలను దాచుకుంటుంది. స్టార్ట్ చేయగానే వచ్చే శబ్దం తెల్లవారుజామున మీ వీధిలో ఎలా వినిపిస్తుందో ఊహించుకోండి. రాత్రి డ్యూటీకి వెళ్ళే వైద్యుడికి ఇది చిన్న విషయం కాదు. ఆ తరువాత ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిగే స్థితిని కావాలనే వెతుక్కోండి. పోర్షెలో పీడీకే అనే ఎనిమిది గేర్ల పెట్టె, హురకాన్‌లో ఏడు గేర్ల పెట్టె, రెండూ తమంతట తామే గేరు మార్చే జంట క్లచ్ పద్ధతివే అయినా, బ్రేకు మీద నుంచి కాలు తీయగానే కారు మెత్తగా కదులుతుందా, తటపటాయించి ఒక్కసారిగా ముందుకు దూకుతుందా అన్నది మీ పాదానికే తెలియాలి. కార్బన్ సిరామిక్ బ్రేకులున్న కారయితే అవి చల్లగా ఉన్నప్పుడు కీచుమనడం, నెమ్మదైన వేగంలో పట్టు సమంగా లేకపోవడం గమనించండి. నగరంలోనే వాడేవారికి మామూలు ఉక్కు డిస్కులే మేలని నా అభిప్రాయం.

స్పీడ్ బ్రేకర్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు మీద మెల్లగా లేచి 10 సెంటీమీటర్ల ఎత్తుకు మించకూడదు. మన కాలనీల్లో ఉన్నవాటిని ఎవరు ఏ కొలతతో పోశారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ తరహా కార్ల అడుగుకూ నేలకూ మధ్య ఎడం సాధారణంగా 11 నుంచి 13 సెంటీమీటర్లు మాత్రమే. అందువల్ల కారు ముందు భాగాన్ని మీట నొక్కి సుమారు 40 మిల్లీమీటర్లు పైకి లేపే ఏర్పాటును అదనపు సొమ్ము చెల్లించి తీసుకోవలసిందే. ఈ ఒక్క విషయంలో పొదుపు చేయవద్దు. నడిపి చూసే రోజున ఆ ఏర్పాటు లేవడానికి ఎంతసేపు తీసుకుంటుందో, ఏ వేగం దాటితే దానంతట అదే దిగిపోతుందో మీరే చూడండి. వీలైతే మీ ఇంటి గేటు దాకా, ఆసుపత్రి సెల్లారులోని ర్యాంపు దాకా తీసుకువెళ్ళే అనుమతి అడగండి. కారు రానివ్వని సందర్భంలో, మీరు ముందే టేపు పట్టుకుని ర్యాంపు వాలునూ, పార్కింగ్ వెడల్పునూ కొలిచి వెళ్ళడం మంచిది.

మీ అన్నయ్య మాటకు కూడా జవాబు ఇక్కడే ఉంది. హురకాన్‌లో ఇంజిన్ సీట్ల వెనకే ఉంటుంది, వెనక అద్దంలోంచి కనిపించేది చాలా తక్కువ, ఇద్దరికి మించి చోటు లేదు. 911లో ఇంజిన్ మరీ వెనక్కి, వెనక చక్రాల అవతల ఉండటం వల్ల ముందు పెట్టెలో సామాను పడుతుంది, పిల్లలు సర్దుకుని కూర్చునే రెండు చిన్న సీట్లూ ఉంటాయి, చూపు నాలుగు వైపులా ఆనుతుంది. పైగా హురకాన్ స్థానంలోకి 2024లో టెమెరారియో వచ్చింది. కొత్తది కొనాలంటే మీరు చూడవలసింది 4 లీటర్ల వీ8, విద్యుత్ మోటార్లూ కలిసిన ఆ కారునే. రోజూ ఆసుపత్రికి తీసుకువెళ్ళే ఆలోచన ఉంటే నేను 911 వైపే మొగ్గుతాను. అయినా రెండింటినీ ఒకే వారంలో నడపండి, మధ్యలో నెల గడిస్తే మొదటి కారు మీద శరీరానికి ఉండే జ్ఞాపకం మాసిపోతుంది.

ఆఖరి కొన్ని నిమిషాలు మాత్రం వేగానికి ఇవ్వండి, ఖాళీగా ఉన్న తిన్నని దారి మీద, పరిమితికి లోబడి, ఇంజిన్ ఆయిలూ టైర్లూ వేడెక్కిన తరువాత. ఈ కార్లకు వేసే గట్టి పట్టున్న టైర్లు చల్లగా ఉన్నప్పుడూ తడి రోడ్డు మీదా మనం నమ్ముకున్నంత పట్టు ఇవ్వవు. స్థిరత్వాన్ని కాపాడే ఎలక్ట్రానిక్ ఏర్పాటును ఆపేయమని పక్కనున్న అబ్బాయి ఉత్సాహంగా చెప్పినా ఆపవద్దు. కొత్త కారును, కొత్త దారిని, అంత శక్తిని ఒకేసారి అదుపులో పెట్టగలనన్న ధీమాతో రోడ్డు మీద ఇతరుల ప్రాణాలను పందెం కాయడం తప్పు.

ప్రశ్న: విజయవాడలో వ్యాపారం చేస్తున్నాను. పాత కార్ల డీలరు దగ్గర 2018 నాటి హురకాన్ ఉంది. నడిపి చూస్తే బాగానే ఉంది. అది చాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చాలదు. ఈ కార్లలో నడిపినప్పుడు తెలియని సంగతులు కంప్యూటర్ జ్ఞాపకంలో ఉంటాయి. అధీకృత సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళి, మీ ఖర్చుతో, లోపాల చరిత్ర, క్లచ్ స్థితి, లాంచ్ కంట్రోల్ (నిలిచిన చోటు నుంచి పూర్తి శక్తితో దూకించే ఏర్పాటు) వాడకం వంటివి ఏమేరకు చదవగలరో చదివించండి. పోర్షె అయితే ఇంజిన్‌ను పరిమితికి మించి తిప్పిన సందర్భాల పట్టిక కూడా వస్తుంది. కారును లిఫ్ట్ మీదకు ఎక్కించి అడుగు భాగం చూడటం, పెయింటు మందాన్ని మీటరుతో అన్ని పలకల మీదా కొలవడం, టైర్ల పక్కన ఉండే నాలుగంకెల తయారీ తేదీ చదవడం తప్పనిసరి. తక్కువ తిరిగిన కారు కదా అని సంబరపడకండి. ఏళ్ళ తరబడి కవరు కింద నిలిచిన కారు టైర్లు చూడటానికి కొత్తవిగా ఉన్నా గట్టిపడి పట్టు కోల్పోతాయి.

అమ్మేవారు నేరుగా యజమానే అయితే, మీకు తాళం ఇవ్వడానికి ఆయన జంకితే తప్పుపట్టకండి. అమ్మకానికి ఉన్న ఒక లంబోర్గినిని డబ్బు తగాదాలో తగలబెట్టిన సంఘటన 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ శివారు పహాడీ షరీఫ్ దగ్గరే జరిగింది. ముందు పక్క సీట్లో కూర్చుని ఆయన నడుపుతుండగా చూడండి. హైపోథికేషన్ (కారు మీద తీర్చని అప్పు నమోదు), బీమా వివరాలు ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో, చలాన్లు ఈ-చలాన్ పోర్టల్‌లో సరిచూసుకున్నాక, బయానా రాసుకునే ముందు మీరు నడపండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై రెండేళ్ళు. కొనే స్తోమత మాకు లేదు. కొంటామని చెప్పి ఒక్కసారి ఫెరారీ నడిపించవచ్చా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: అలా చెప్పకండి, అబ్బాయికి మంచిది కాదు. అతని కోరికలో మాత్రం తప్పేమీ లేదు, దానికి సరైన చోట్లు వేరే ఉన్నాయి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లోనూ, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనూ రేసింగ్ శిక్షణ దొరుకుతుంది. 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్ జరిగిన గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో కార్ల కంపెనీలు అప్పుడప్పుడు ట్రాక్ డేలు (రేసు ట్రాక్ మీద కార్లు నడిపే రోజులు) నిర్వహిస్తుంటాయి. శిక్షణ పొందిన చేతికి మామూలు కారు కూడా చాలా నేర్పుతుంది.

ప్రశ్న: అట్లాంటాలో ఉంటున్నాం. ఇక్కడ డీలర్లు టెస్ట్ డ్రైవ్ సులువుగానే ఇస్తామంటున్నారు. అయినా 911లో ఏ రకం తీసుకోవాలో పది నిమిషాల్లో తేల్చుకోలేకపోతున్నాను.
– ఒక పాఠకురాలు, జార్జియా, అమెరికా

జవాబు: మీ ఊరి విమానాశ్రయం పక్కనే 2015లో మొదలైన పోర్షె ఎక్స్‌పీరియన్స్ సెంటర్ ఉంది కదమ్మా, ముందు అక్కడికి వెళ్ళండి. రుసుము కట్టాలి, కానీ శిక్షకుడు పక్కన కూర్చుని, రద్దీ లేని ట్రాక్ మీద, తడి నేల మీద కారు ఎలా జారుతుందో, దాన్ని ఎలా తిరిగి దారిలోకి తెచ్చుకోవాలో నేర్పుతారు. ఒకే రోజున రెండు రకాలను వెంటవెంటనే నడిపే వీలుందేమో కనుక్కోండి. ఆ తరువాత డీలరు దగ్గరకు వెళ్ళి, మీరు రోజూ ఆఫీసుకు వెళ్ళే దారిలోనే, అదే వేళకు నడపడానికి అడగండి. టెస్ట్ డ్రైవ్‌లో ప్రమాదం జరిగితే డీలరు బీమా ముందు వర్తిస్తుందా, మీ సొంత పాలసీయా అన్నది రాష్ట్రాన్నీ పాలసీనీ బట్టి మారుతుంది కాబట్టి, బయలుదేరే ముందు రోజే మీ బీమా కంపెనీకి ఫోన్ చేసి, వాళ్ళిచ్చే జవాబును ఈమెయిల్‌లో రాసి పంపమని కోరండి.